మా ఎల్ఈడీలు ట్యూబులైట్లు కావు మహాప్రభో: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

విషయం: నీలి ఎల్ఈడీ దీపాలను పరికరాలుగా గుర్తించి రెండో విడత నిధులు విడుదల చేయించవలసిందిగా వేడుకోలు. (ఇదే విషయంపై ఇది ఐదో అర్జీ. మొదటి నాలుగూ మీ పేషీకి చేరినట్టు రసీదులున్నాయి.)

అయ్యా,

పరిశోధనకు విడతలుగా నిధులిచ్చే మీ పథకం గురించి మీకే చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. నేరుగా దీపాల సంగతికి వస్తాను.

హైదరాబాద్ శివార్లో ఒక అద్దె షెడ్డులో పనిచేసే ముగ్గురం మేం. వెలుతురు మాట వినేలా జన్యువులు మార్చిన ఈస్టుతో ఐసోబ్యూటనాల్ (ఇంధనంగా పనికొచ్చే ఒక రకం ఆల్కహాల్) తీయడం మా ప్రాజెక్టు. మొదటి విడత డబ్బు వేళకే వచ్చింది, దాచను. దాంతో 5 లీటర్ల గాజు ఫెర్మెంటర్ (సూక్ష్మజీవులను పెంచే పాత్ర) ఒకటి, దాని చుట్టూ బిగించే నీలి ఎల్ఈడీ పలకలు కొన్నాం. లెక్కలు రాశాం, డబ్బు ఖర్చయిన తీరు చూపే వినియోగ పత్రం (యూసీ) పంపాం, రెండో విడత కోసం కూర్చున్నాం. 14 నెలలైంది. ఇంకా కూర్చునే ఉన్నాం.

మొదటి కొర్రీ నిధులు చూసే సెక్షన్ నుంచి నాలుగో నెలలో వచ్చింది. దీపాలు పరికరాల పద్దు కిందికి రావట, భవన విద్యుత్ పనుల కింద చూపించాలట. చూపించాం. మూడు నెలలకు రెండో కొర్రీ: అద్దె భవనంలో విద్యుత్ పనులకు పథకం ఒప్పుకోదు కనుక ఆ మొత్తం వెనక్కి కట్టాలి! పద్దు మార్చమన్నదీ ఆ సెక్షనే, మార్చినందుకు తప్పుపట్టిందీ ఆ సెక్షనే. మళ్లీ పరికరాల పద్దుకే మార్చి, మూడు పేజీల వివరణ జతచేశాం. మూడో కొర్రీలో, గది వెలుతురుకు మామూలు తెల్ల దీపాలు సరిపోతాయి కదా, ఖరీదైన నీలి దీపాలు ఎందుకు కొన్నారని అడిగారు.

అయ్యా, అవి గదికి కాదు, ఈస్టుకు. మూడు పేజీల్లో చెప్పలేకపోయింది ఇక్కడ నాలుగు ముక్కల్లో చెబుతాను. మీరైనా చదువుతారని ఆశ.

ఈస్టుకు చక్కెర వేస్తే అది పెరిగి సారాయి చేస్తుంది, కల్లుకుండ దగ్గర ఎవర్నడిగినా చెబుతారు. మనకు కావలసింది వేరే సరుకైతే పేచీ వస్తుంది. ఆ సరుకు చేసే బరువు పెడితే కణం పెరగదు, పెరిగే కణం సరుకు చేయదు. అందుకని ముందు పెరగనిచ్చి తర్వాత పనిలో పెట్టాలి. ఆ మలుపు తిప్పడానికి ఇప్పటిదాకా రసాయనాలు పోస్తున్నారు. ఈ. కోలి బ్యాక్టీరియాతో పనిచేసే ల్యాబుల్లో ఐపీటీజీ అనే పదార్థం వాడతారు. అది ఖరీదు, పైగా ఒకసారి పోశాక వెనక్కి తీయలేం. దీపమైతే స్విచ్చి నొక్కితే వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరుతుంది.

ఇది మా బుర్రలో పుట్టిన చోద్యం కాదు. 2005లోనే అమెరికా శాస్త్రవేత్తలు ఈ. కోలికి వెలుతురు పసిగట్టే ప్రొటీన్ తగిలించి, బ్యాక్టీరియా పొర మీద ఫొటోలు తీశారు. 2018లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈఎల్222 అనే ప్రొటీన్‌ను ఈస్టులో పెట్టారు. సముద్రపు బ్యాక్టీరియా నుంచి తెచ్చిన ఆ ప్రొటీన్ నీలి వెలుతురు తగిలితే డీఎన్ఏను పట్టుకుని జన్యువును పనిలోకి దించుతుంది, వెలుతురు తీసేస్తే నిమిషంలోపే పట్టు వదిలేస్తుంది. దీపం వెలిగినంతసేపూ ఆ ఈస్టు సారాయి దారిలో పెరుగుతుంది. చీకటి పడగానే ఐసోబ్యూటనాల్ దారి తెరుచుకుంటుంది. లీటరుకు 8.49 గ్రాముల దాకా తీశారు. మేం నడుస్తున్నది ఆ బాటలోనే. తెల్ల ట్యూబులైటుతో గది వెలుగుతుంది కానీ, చిక్కటి ఈస్టు గంజిలోకి ఈ ప్రొటీన్‌కు పట్టే నీలం తగినంత దిగదు.

నాలుగో కొర్రీ చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ప్రగతి నివేదికలో బ్యాచ్ నడిచే కాలంలో ఎక్కువ భాగం దీపాలు ఆర్పి ఉంచామని రాశాం కదా, వాడని వస్తువుకు పూర్తి ఖర్చు ఎలా ఇస్తారన్నది వాళ్ల సందేహం. ఆర్పడమే ప్రయోగం అయ్యా! ఆర్పడానికే కొన్నాం. మీ కారుకు బ్రేకులున్నాయి, రోజంతా తొక్కిపట్టడం లేదని వాటి ఖర్చు కోసేస్తారా? మాట కటువుగా ఉంటే మన్నించండి, 14 నెలలు మర్యాదగానే రాశాను.

ఈలోగా ఇక్కడ జరుగుతున్నది కూడా వినండి. కరెంటు పోయినప్పుడు మా షెడ్డులో దీపం ఒక్కటే కాదు, ప్రయోగమే తారుమారవుతుంది. పెరుగుతున్న ఈస్టు చీకటి పడిందనుకుని అర్ధాంతరంగా పనికి దిగుతుంది. జనం చాలకుండానే ఫ్యాక్టరీ తెరిచినట్టు. ఇన్వర్టర్‌కు డబ్బు రెండో విడతలో ఉంది. గత వేసవిలో మూడు బ్యాచులు అలాగే పాడయ్యాయి. మా ముగ్గురిలో చిన్నది, పీహెచ్‌డీ చేసిన పిల్ల, జీతం ఆగి ఐదు నెలలయ్యాక బెంగళూరు వెళ్లిపోయింది. ఆపలేకపోయాను, ఏ మొహం పెట్టుకుని ఆపను?

ఈ పద్ధతి మంత్రదండమని నేననడం లేదు. పరిశ్రమల్లో ఫెర్మెంటర్లు స్టీలువి, వేల లీటర్లవి. గోడలోంచి వెలుతురు దిగదు. లోపల దీపం పెట్టినా కణాలు చిక్కబడేకొద్దీ ముందు వరస కణాలే వెనకవాటికి అడ్డం నిలుస్తాయి. దీపాల గొట్టాలు లోపలికి దించాలా, ద్రవాన్ని పక్కనున్న గాజు గొట్టంలోంచి తిప్పాలా, అనుక్షణం వెలిగించకుండా కొద్ది సెకన్లు వెలిగించి ఆర్పుతుంటే సరిపోతుందా అన్నది తేలాలి. తేలాలంటే 50 లీటర్లలో చేసి చూడాలి. జన్యుమార్పిడి జీవులతో 20 లీటర్లు దాటితే పెద్దస్థాయి ప్రయోగమని 1990 నాటి జీవభద్రతా మార్గదర్శకాలే చెప్పాయి, దానికి వేరే అనుమతి కావాలి. ఆ జాగ్రత్త ఉండాల్సిందే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా, ఆ అనుమతికి దరఖాస్తు పెట్టే స్థితికే మమ్మల్ని రానివ్వకపోవడం మీద.

2024 ఆగస్టులో కేంద్రం, జీవసాంకేతికతతో వస్తువుల తయారీని ప్రోత్సహించే బయోఈ3 విధానానికి ఆమోదం తెలిపినప్పుడు, సూక్ష్మజీవులే రేపటి కర్మాగారాలని మీరు వేదిక మీద అన్నారు. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ కర్మాగారానికి దీపం ఏ పద్దులో కొనాలో ఆ రోజే అడగాల్సింది, బుద్ధి తక్కువై అడగలేదు.

కోరేది పెద్దది కాదు. దీపాలు పరికరాలేనని ఒక్క ముక్క రాయించండి. రెండో విడత ఇప్పించండి. అది వీలుకాకపోతే, ఇవ్వలేమని అయినా చెప్పించండి, షెడ్డు ఖాళీ చేసుకుంటాం. సెక్షన్‌లో ఎవరైనా ఒక్క పూట మా షెడ్డుకు వచ్చి చూసినా చాలు, దారి ఖర్చులు నేనే పెట్టుకుంటాను. రెండో విడత మాత్రం ఇప్పించండి.

ఇట్లు
మీ పథకం లబ్ధిదారుడు (ఇంకా సగమే)

తా.క.: పరికరం పనిచేస్తుండగా తీసిన ఫొటో కావాలని ఆఖరి కొర్రీలో అడిగారు, జతచేశాను. ఫొటో అంతా నల్లగా ఉంటుంది. ఉత్పత్తి జరుగుతున్నప్పుడు తీసింది మరి. స్పష్టంగా లేదని తిప్పి పంపొద్దని మనవి.