బొబ్బిలి పెరటికి తగిన టెలిస్కోపు

శ్రీకాకుళం

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరాలకు ఇంతకాలం జవాబు రాయనందుకు క్షమించు. ఇంట్లో అందరూ క్షేమం, నూర్పులు అయిపోయాయి, పెద్దదాని పరీక్షలు దగ్గరపడ్డాయి; తక్కిన కబుర్లు మరోసారి. పండగ బోనసు చేతికి రాగానే విశాఖలో చూసిపెట్టుకున్న టెలిస్కోపు కొనేస్తానని నువ్వు రాసిన వాక్యం చదివాక ఊరుకోలేక కలం పట్టుకున్నాను.

పెట్టె మీద ఐదువందల రెట్లు పెద్దగా చూపిస్తుందని అచ్చు వేశారన్నావు. ఒట్టు, ఆ మాట నమ్మకు. గొట్టం లోపల వెలుగును పోగుచేసే అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో, దానికి సుమారు రెండింతలు మించి పెంచితే బొమ్మ పెద్దదవుతుంది కానీ మసకబారిపోతుంది. నువ్వు చూసినది 76 మిల్లీమీటర్లది కాబట్టి దాని పరిమితి నూటయాభై దగ్గరే. అసలు చూడవలసింది అద్దం ఎంత వెలుగు పోగుచేస్తుందన్నది. వ్యాసం రెట్టింపైతే వెలుగు నాలుగింతలవుతుంది గనుక, 150 మిల్లీమీటర్ల అద్దం ముందు నీ పెట్టె వెలవెలపోతుంది.

కటకాల గొట్టం కొనవచ్చు కదా అని మీ మామయ్య అడుగుతారు, నాకు తెలుసు. కటకాల్లో వెలుగు రంగులుగా చీలుతుందనే న్యూటన్ 1668లో అద్దంతో టెలిస్కోపు కట్టాడు. అద్దానికి ఒక్క ముఖం నున్నగా తీరిస్తే చాలు, అందుకే అదే డబ్బుకు ఇంకా పెద్ద వ్యాసం దొరుకుతుంది. అలాగని కటకాలను తీసిపారేయలేం. మన విశాఖపట్నంలోనే అంకితం వెంకట నరసింగరావుగారు ఆరంగుళాల కటకపు దూరదర్శినితో 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగడం చూశారు. ఆయనకు సొంత వేధశాల ఉంది, మనకున్నది పెరడు!

నేను కొన్నది కూడా ఆరంగుళాలదే, అంటే ఆ 150 మిల్లీమీటర్ల అద్దమే; 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం (అద్దం నుంచి బొమ్మ కుదిరే చోటికి ఉండే దూరం) గల డాబ్సోనియన్ రకం. 25 మిల్లీమీటర్ల ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కటకం, పెడితే 48 రెట్లు, 10 మిల్లీమీటర్లది పెడితే 120 రెట్లు చూపిస్తుంది. మొదట్లో ఇంతకు మించి అక్కరలేదు. అమెరికాలో జాన్ డాబ్సన్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో గొట్టం ఒక చెక్కపీట మీద కూర్చుని, తిరగలిలా చుట్టూ తిరుగుతుంది, పైకీ కిందికీ వంగుతుంది, అంతే. దుకాణంలో నీకు అంటగట్టబోతున్న ఈక్వటోరియల్ స్టాండు, అంటే చుక్కల కదలికను వెంబడించే రకం, దాని ఇరుసును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలి. మన ప్రాంతంలో ఆ నక్షత్రం దిగంతానికి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మీ పెరటికి ఉత్తరాన ఉన్న కొబ్బరిచెట్లను దాటి అది కనిపించేదెలాగ? పొట్టి గొట్టానికి వెయ్యి మిల్లీమీటర్ల నాభ్యంతరం అని చెప్పే 127 మిల్లీమీటర్ల అద్దం రకం జోలికీ వెళ్లకు. లోపల అదనంగా ఒక కటకం పెట్టి నాభ్యంతరాన్ని సాగదీస్తారు, దాన్ని సరిచేయడం కొత్తవాళ్ల వల్ల కాదు.

ఇక అసలు సంగతి చెప్పకుండా ఉండలేను. మొన్న రాత్రి మేడ మీద గురుడిని పట్టాను. బింబం మీద రెండు నల్లటి పట్టీలు, పక్కన నాలుగు చందమామలు ఒకే వరసలో! తరువాత వేటగాడి ఆకారంలో ఉండే ఓరియన్ నక్షత్రమండలం నడుములోని మూడు చుక్కల కింద ఉన్న నీహారికకు, అంటే ఆకాశంలోని వాయుమేఘానికి, తిప్పి అత్తగారిని చూడమన్నాను. ఆవిడ చాలాసేపు కన్ను పెట్టి, “అద్దం మీద ఊపిరి పడిందేటి బాబూ?” అన్నారు. అచ్చంగా అలాగే ఉంటుంది సత్యం, ఫోటోల్లోని ఎరుపు ఏమీ కనిపించదు, బూడిదరంగు పొగ మాత్రమే. కానీ ఆ పొగ నడుమ నాలుగు చిన్న నక్షత్రాలు విడివిడిగా మెరుస్తుంటే ఒళ్లు పులకరించింది. ఇక్కడ వీధిదీపాలు సగం మింగేస్తున్నాయి, మీ పెరటి చీకట్లో ఆ పొగ ఇంకెంత విచ్చుకుంటుందో! వేసవిలో దక్షిణాన ఒమేగా సెంటారీ కూడా వస్తుంది, ఐరోపాలో చాలామందికి కనిపించని తారాగుచ్ఛం, మనకు 24 డిగ్రీల ఎత్తు వరకూ లేస్తుంది, దాన్ని నీ పక్కన కూర్చుని...

పగలు దాన్ని కదపనివ్వకు. అరసవల్లి సూర్యనారాయణస్వామికి దండం పెట్టుకో, గొట్టం మాత్రం ఆయన వైపు తిప్పకు, కన్ను పోతుంది. రాత్రి చూడబోయే అరగంట ముందే బయట పెట్టు, అద్దం చల్లబడకపోతే బొమ్మ వణుకుతుంది. దుమ్ము పడిందని పంచెతో తుడవకు, పైనున్న అల్యూమినియం పూత గీసుకుపోతుంది. బస్సు కుదుపులకు అద్దాలు పక్కకు జరుగుతాయి కాబట్టి సరిచూసుకోవాలి: ఒక నక్షత్రాన్ని కావాలని మసకగా చేస్తే గుండ్రటి వలయాలు కనిపిస్తాయి, మధ్యనున్న నల్లచుక్క ఒక పక్కకు ఒరిగి ఉంటే గొట్టం అడుగున ఉన్న మరలను...

బావమరిది గుమ్మంలో హారన్ కొడుతున్నాడు, ఈ ఉత్తరం బొబ్బిలికి తెచ్చేది అతనే. మరల సంగతి బొమ్మ వేసి పంపుతాను. అంతవరకు ఆ దుకాణం గుమ్మం తొక్కకు.

నీ
రామం