ల్యాప్‌టాప్ పోర్టులు తీసేసే ముందు మా షెడ్ల వైపు కూడా చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

గాజువాక ఆటోనగర్ చుట్టుపక్కల కంప్యూటర్ ప్రోగ్రాంతో లోహాన్ని చెక్కే సీఎన్‌సీ మెషిన్లు, లారీలు తూచే వేబ్రిడ్జిలు సర్వీసు చేయడం నా వృత్తి. పాతికేళ్లుగా ఇదే పని. సంచిలో మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, నాలుగైదు రకాల కేబుళ్లు, ఒక ల్యాప్‌టాప్ ఉంటాయి. ల్యాప్‌టాప్ మెషిన్‌తో మాట్లాడకపోతే మిగతావన్నీ ఉన్నా నేను చేయగలిగేది పెద్దగా ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా ల్యాప్‌టాప్‌లో ఏదో ఒక పోర్టు, అంటే కేబుల్ పెట్టే సాకెట్టు, ఎగిరిపోతోంది. పాత మెషిన్లతో మాట్లాడే సీరియల్ పోర్టు ఎప్పుడో పోయింది. తర్వాత మానిటరు తగిలించే వీజీఏ, సీడీ డ్రైవ్ పోయాయి. ఇప్పుడు ఇంటర్నెట్ కేబుల్ పెట్టే నెట్‌వర్క్ పోర్టు పోతోంది, కొన్ని మోడళ్లలో మామూలు యూఎస్‌బీ కూడా లేదు, రెండు టైప్-సీ పోర్టులతో సరి. పాతది పోయి కొత్తది రావడం సహజమే కదా అంటారు. కాదనను. కానీ ఆ పోర్టు మీద ఎవరి పని నడుస్తోందో కనుక్కోకుండా, అది కావలసినవాడికి అందుబాటు ధరలో ఒక్క మోడల్ కూడా మిగల్చకుండా తీసేయడం అన్యాయం. ల్యాప్‌టాప్ ఆయుష్షు ఐదారేళ్లు. దానితో మాట్లాడే మెషిన్ ఇరవై, ముప్పై ఏళ్లు నడుస్తుంది. ఐదేళ్ల వస్తువు తయారుచేసేవాళ్లు ముప్పై ఏళ్ల వస్తువు కొన్నవాడి గురించి ఆలోచించడం లేదు.

ఆటోనగర్‌లో పాత మిల్లింగ్ మెషిన్ ఉన్న ఏ షెడ్డుకైనా వెళ్లి చూడండి. 1990ల నాటి మెషిన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఇనుము మీద వెంట్రుకవాసి తేడా రాకుండా ఇప్పటికీ పనిచేస్తుంది. దాని కంట్రోలర్ మెమరీ మాత్రం కిలోబైట్లలోనే ఉంటుంది. ఒక డై (అచ్చు) చెక్కాలంటే ప్రోగ్రాం వేల లైన్లు. అది మెషిన్ మెమరీలో పట్టదు. అందుకని ల్యాప్‌టాప్‌ని పక్కన పెట్టి, కేబుల్ ద్వారా కొన్ని లైన్లు పంపడం, మెషిన్ వాటిని చెక్కాక మళ్లీ కొన్ని పంపడం. దీన్ని డ్రిప్ ఫీడ్ అంటాం. మెషిన్ వైపు 25 పిన్నుల కనెక్టరు, ల్యాప్‌టాప్ వైపు 9 పిన్నులది, అదే సీరియల్ పోర్టు. ఆర్ఎస్-232 అనే ఈ పద్ధతి 1960లో వచ్చింది. కనెక్టరుకు అటూ ఇటూ రెండు స్క్రూలుంటాయి. బిగించామంటే మెషిన్ ఎంత అదిరినా ఊడి రాదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ పెడతాం. పక్క షెడ్డులో ఎవరో వెల్డింగ్ సెట్టు ఆన్ చేస్తారు. ఆ డిస్టర్బెన్సుకి యూఎస్‌బీ ఒక్క క్షణం తెగి మళ్లీ కలుస్తుంది. ‘టిడింగ్’ అని శబ్దం వస్తుంది, అంతే. విండోస్‌కి అది పెద్ద విషయం కాదు. కానీ డ్రిప్ ఫీడ్ సాఫ్ట్‌వేర్ పట్టుకున్న పోర్టు చేజారిపోయి ఉంటుంది. అవతల టూల్ లోహంలో దిగి ఉండగానే మెషిన్ ఆగిపోతుంది. టూల్ ఆగిన చోట జాబ్ మీద, అంటే చెక్కుతున్న దిమ్మ మీద, గీత పడుతుంది. అది పాలిష్‌తో పోయేది కాదు. రాత్రంతా నడిచిన జాబ్ తెల్లవారుజామున స్క్రాపైతే ఓనరు ముఖం చూడలేం. “ఏటి మాస్టారూ, మళ్లీ ఆగిపోనాదా?” అని ఆయన మెల్లగా అడుగుతాడు. ఆ స్టీలు దిమ్మ ఖరీదు, ఆ రాత్రి కరెంటు, ఆపరేటరు కూలీ, ఆర్డరిచ్చిన పార్టీకి ఇచ్చిన మాట, అన్నీ ఆ ప్రశ్నలోనే ఉంటాయి.

కన్వర్టర్లలోనూ మంచివీ చెడ్డవీ ఉన్నాయి. మార్కెట్లో దొరికే చవక రకాల్లో నకిలీ చిప్పులు ఎక్కువ. బయటికి చూస్తే తేడా తెలియదు. 2014లో ఎఫ్‌టీడీఐ అనే చిప్పుల కంపెనీ ఇచ్చిన డ్రైవర్ (చిప్పును నడిపించే సాఫ్ట్‌వేర్) విండోస్ అప్‌డేట్‌తో పాటు వచ్చి, తమ చిప్పుకు నకిలీలైనవాటిని పనిచేయకుండా చేసేసింది. నకిలీని అరికట్టాలన్న కోపం న్యాయమైనదే కావచ్చు, దెబ్బ పడింది మాత్రం తెలియక కొనుక్కున్నవాడి మీద. విమర్శలు రావడంతో ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకున్నారు. పోర్టు ల్యాప్‌టాప్‌లోనే ఉండి ఉంటే ఈ గొడవ మనదాకా వచ్చేదే కాదు. ఇంకో చిక్కు, కన్వర్టర్‌ని ఈ రోజు ఒక యూఎస్‌బీలో పెడితే విండోస్ దాని పోర్టు నంబరు కామ్ 3 అంటుంది, రేపు పక్కదాంట్లో పెడితే కామ్ 7 అంటుంది. వేబ్రిడ్జి పాత సాఫ్ట్‌వేర్ మాత్రం కామ్ 1 తప్ప ఇంకోటి ఎరగదు. లారీ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంటుంది, ఇండికేటరు మీద బరువు కనిపిస్తూనే ఉంటుంది, కంప్యూటరులో మాత్రం సున్నా. వెనక లారీల లైను ఓడరేవు రోడ్డు దాకా పెరుగుతుంది. ఆ టెన్షన్‌లో ఆపరేటర్ కుర్రాడికి డివైస్ మేనేజర్ తెరిచి నంబరు మార్చడం ఫోన్‌లో చెప్పాల్సి వస్తుంది.

సీరియల్ పోర్టు మరీ పాతది, దాని గురించి ఏడవడం దండగ అనుకున్నా సరే. నెట్‌వర్క్ పోర్టు సంగతేమిటి? అది పాతదని ఎవరన్నారు? సీమెన్స్ వాళ్లు 2009లో తెచ్చిన ఎస్7-1200 పీఎల్‌సీకి (మెషిన్‌ని నడిపించే చిన్న కంప్యూటరుకి) ప్రోగ్రాం ఎక్కించే దారే ఈథర్నెట్, అంటే ఈ నెట్‌వర్క్ పోర్టు కేబులే. ఈ మధ్య కొన్న కొత్త మెషిన్లు చాలావాటికి కూడా అదే కేబుల్. రేకుల షెడ్లలో, ఇనుప క్యాబినెట్ల మధ్య వైఫై మీద ఆధారపడి మెషిన్‌కి ప్రోగ్రాం ఎక్కించే ధైర్యం నాకు లేదు. పెద్ద ప్లాంట్లలోనైతే అసలు వైఫై ఒప్పుకోరు. గేటు దగ్గర ల్యాప్‌టాప్ నంబరు రాయించుకోవాలి, ఇప్పుడు దానితో పాటు హబ్బు, కన్వర్టర్, అడాప్టర్ కూడా ఒక్కొక్కటీ రాయించాలి. లోపలికెళ్లాక అందులో ఒక్కటి మరిచిపోయామని తేలితే ఆ పూట పని పోయినట్టే.

ల్యాప్‌టాప్‌ని పలచగా చేయడానికి నెట్‌వర్క్ పోర్టు తీశామంటారు. ఆ సాకెట్టు ఎత్తు సెంటీమీటరుకు పైనే, నిజమే. కానీ కేబుల్ పెట్టేటప్పుడు కింది దవడ తెరుచుకునే సాకెట్లు కొన్ని పలచటి మోడళ్లలోనే వచ్చాయి. అంటే చేయలేక కాదు.

ఇక మన ఊరి సంగతి. గంగవరం, పెదగంట్యాడ వైపు పనికి వెళ్లేవాళ్లకు ఉప్పుగాలి ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. గేట్లు, గ్రిల్స్ తుప్పు పట్టడం అందరికీ కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ పోర్టు లోపల జరిగేది కనిపించదు. టైప్-సీ పోర్టు నోరు వెడల్పు 8 మిల్లీమీటర్ల పైచిలుకు, ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లు. అందులోనే 24 కాంటాక్టులు, పైన పన్నెండు, కింద పన్నెండు. భూతద్దం కింద పెట్టి చూస్తే పవర్ వచ్చే కాంటాక్టుల దగ్గర ఆకుపచ్చ పొక్కులు కనిపిస్తాయి. తేమ, ఉప్పు, వాటికి తోడు కరెంటు, మూడూ కలిస్తే రాగిని అలా తినేస్తాయి. బొగ్గు ధూళి కూడా చేరితే ఇక చెప్పేదేముంది. పాత ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ పిన్ను వేరు, వీజీఏ వేరు, యూఎస్‌బీ వేరు. ఒకటి పోయినా మిగతావాటితో పని గడిచేది. గుండ్రటి చార్జింగ్ జాక్ పోతే డాబాగార్డెన్స్‌లో ఒక పూటలో మార్చి ఇచ్చేవారు. ఇప్పుడు చార్జింగ్, డిస్‌ప్లే, డేటా అన్నీ ఆ ఒక్క సన్నటి నోటిలోంచే. అది పోతే ల్యాప్‌టాపే పోయినట్టు.

నాకు తెలిసిన ఒక అప్రెంటిస్ కుర్రాడికి అదే జరిగింది. వాళ్లమ్మ డ్వాక్రా లోన్ తీసి కొనిచ్చిన ల్యాప్‌టాప్. పోర్టు పాడైందని సర్వీస్ సెంటరుకు తీసుకెళితే, ఆ పోర్టు మెయిన్ బోర్డు మీదే అతికించి ఉంది కాబట్టి బోర్డు మొత్తం మార్చాలన్నారు. చెప్పిన ఖర్చుకి ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది. చివరికి బయట హాట్ ఎయిర్ మెషిన్ మీద పనిచేసే మనిషి చేత ఆ చిన్న పోర్టు మార్పించాం. ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. కొన్ని మోడళ్లలో ఈ పోర్టును విడిగా చిన్న బోర్డు మీద పెడుతున్నారు. అలా అన్నింటిలోనూ పెడితే ఆ తల్లికి అంత బెంగ ఉండేది కాదు.

కొత్తదంటే నాకు పడదని ఎవరూ అనుకోకండి. టైప్-సీ మంచి ఆలోచన. అటు తిప్పినా ఇటు తిప్పినా పడుతుంది, ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ ఒకే చార్జర్. ఫ్లాపీ పోయినందుకు ఎవరూ బాధపడలేదు. 1.44 ఎంబీ పట్టే దాన్ని పట్టుకుని ఎంతకాలం తిరుగుతాం? అయితే ఆ పోవడం ఎలా జరిగిందో చూడండి. యాపిల్ 1998లో ఐమాక్‌ను ఫ్లాపీ డ్రైవ్ లేకుండా తెచ్చింది. సోనీ ఫ్లాపీల తయారీ ఆపింది 2011లో. మధ్యలో పదమూడేళ్లు. ఆలోగా మెషిన్ల మీది ఫ్లాపీ డ్రైవ్ తీసి, అదే స్థలంలో పెన్‌డ్రైవ్ పట్టే ఎమ్యులేటర్లు వచ్చాయి. మా షెడ్లలోనూ అవి పెట్టుకున్నాం. వీజీఏ విషయంలో కూడా ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో, శాంసంగ్, ఎల్‌జీ కంపెనీలు 2010 డిసెంబరులోనే, 2015 కల్లా ఆపేస్తామని కలిసి ప్రకటించాయి. ముందే చెప్పాలనుకుంటే చెప్పగలరు.

తీసేసినదాన్ని తిరిగి పెట్టడమూ సాధ్యమే. యాపిల్ 2016లో మ్యాక్‌బుక్ ప్రోలో టైప్-సీ పోర్టులు, హెడ్‌ఫోన్ జాక్ తప్ప అన్నీ తీసేసింది. 2021 మోడల్లో హెచ్‌డీఎంఐ, కెమెరా కార్డు స్లాటు మళ్లీ వచ్చాయి. ఫొటోలు తీసుకునేవాళ్లు, వీడియో ఎడిటర్లు ఐదేళ్లు గోల చేస్తేనే అది జరిగింది. వాళ్ల గొంతు అంత దూరం వినిపించింది. ఆటోనగర్ గొంతు వినిపించదు, అందుకే మీ పత్రికకు రాస్తున్నాను.

మొదట కావలసింది, పెట్టె మీద ఉన్నదున్నట్టు రాయడం. టైప్-సీ పోర్టులన్నీ చూడటానికి ఒకటే. ఒకదాంట్లోంచి డిస్‌ప్లే వస్తుంది, ఇంకోదాంట్లోంచి రాదు. కేబుళ్లూ అంతే. ఒకటి సెకనుకు 480 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది, అచ్చం అలాంటిదే మరోటి 40 గిగాబిట్లు మోస్తుంది. కొనేవాడికి షాపులో ఎలా తెలుస్తుంది? యూరప్‌లో ల్యాప్‌టాప్‌లకు టైప్-సీ చార్జింగ్‌ను 2026 ఏప్రిల్ 28 నుంచి తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా టైప్-సీకి ప్రమాణం ప్రకటించింది. అదే చేత్తో, ఏ పోర్టు ఏ పని చేస్తుందో పెట్టె మీద తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో ముద్రించాలన్న నిబంధన పెట్టడం కష్టమేమీ కాదు. కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది. పోర్టు విడిగా మార్చుకోవచ్చా, బోర్డు మొత్తం మార్చాలా అన్నది ప్రతి ల్యాప్‌టాప్ మోడల్‌కూ అక్కడ రాయించాలి.

రెండోది రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది. పాలిటెక్నిక్‌లకు, ఐటీఐలకు టెండరు పిలిచి కంప్యూటర్లు కొనేటప్పుడు ప్రాసెసర్, ర్యామ్ మాత్రమే రాసి వదిలేయకుండా, నెట్‌వర్క్ పోర్టు, కనీసం రెండు మామూలు యూఎస్‌బీ పోర్టులు ఉండాలని స్పష్టంగా రాయాలి. అంత పెద్ద ఆర్డరులో అడిగితే కంపెనీలు కాదనవు. ఆ పిల్లలు రేపు వచ్చేది మా షెడ్లకీ, ఫార్మా సిటీకీ, స్టీల్‌ప్లాంటుకీ. అక్కడి మెషిన్లకు పట్టే కేబుల్ వాళ్ల ల్యాబ్‌లోనే చూసి రావాలి.

ఈలోగా అడ్మిషన్ల సీజనులో పిల్లలకు ల్యాప్‌టాప్ కొనబోయే తల్లిదండ్రులు ద్వారకానగర్ షాపులకు వెళ్లే ముందు కాలేజీ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌ని ఒక మాట అడగండి, మీ మెషిన్లకు ఏ కేబుల్ పెడతారని. నెట్‌వర్క్ పోర్టున్న మోడళ్లు బిజినెస్ సిరీస్‌లో ఇంకా వస్తున్నాయి. కాస్త బరువుంటాయి, షోకేసు ముందు వరసలో పెట్టరు. లోపల ఉంటే తీయమనండి, స్టాకు లేదంటే ఆర్డరు పెట్టించండి.

— ఒక సీఎన్‌సీ సర్వీస్ టెక్నీషియన్,
గాజువాక, విశాఖపట్నం