మల్లికి క్యారెట్ ఎందుకు పెట్టట్లేదంటే

బ్రాడీపేట,
గుంటూరు.

అమ్మడూ,

ఫోన్ చేసిన ప్రతిసారీ మన కుందేలు గురించే, "మల్లికి క్యారెట్ పెట్టావా?" అంటావు. పెట్టలేదు. ఎందుకో చెప్పబోతే మధ్యలో అడ్డుపడతావు, అందుకే కాగితం మీద రాస్తున్నా.

కుందేలంటే క్యారెట్ అని బొమ్మల పుస్తకాలే నేర్పాయి మనకి. దానికి క్యారెట్ అంటే మనకి జిలేబీ లాంటిది. అంత తీపి ఎప్పుడో ఓసారి చిన్న ముక్క చాలు. పైన ఉండే ఆకులు మాత్రం మంచివే. రైతుబజార్లో తుంచి పారేస్తుంటే అడిగి తెచ్చుకుంటున్నా. డబ్బులు తీసుకోరు, నవ్వుతారంతే.

దాని అసలు తిండి ఎండుగడ్డి. తినేదాంట్లో 80 శాతం పైగా అదే ఉండాలి, ఎప్పుడు చూసినా ఎదురుగా ఉండాలి. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయట, గడ్డి నమిలితేనే అరుగుతాయి. పేగులు కదలాలన్నా ఆ పీచే ఆధారం. షాపతను లూసర్న్ గడ్డి అంటగట్టబోయాడు. అది ఆరు నెలల్లోపు కుందేలు పిల్లలకి. పెద్దవాటికి అందులోని కాల్షియం ఎక్కువై మూత్రంలో ఇసుకలా దిగుతుంది. అందుకే తిమోతి గడ్డి తెచ్చా. మందు కొట్టని చోట దొరికితే గరిక కూడా కడిగి పెడుతున్నా. పెల్లెట్లు, అంటే షాపులో అమ్మే గుళికల మేత, దాని కిలో బరువుకి రోజుకి 25 గ్రాములు మించనివ్వను.

కొత్తిమీర, పుదీనా రోజూ ఉంటాయి. కొత్తిమీర ఇస్తే కాడ చివర పట్టుకుంటుంది. పెదాలు టకటకా కదులుతుంటే కాడంతా లోపలికి పోయి, ఆకులు ఒక్క క్షణం బయట ఆగి, అవీ మాయం. పాలకూర, గోంగూర జోలికి పోను, వాటిలో ఆక్సలేట్లనే లవణాలు ఎక్కువ, దానికి మంచివి కావు. గుంటూరులో గోంగూర తినని ప్రాణి ఇదొక్కటేనేమో!

టెన్షనంతా మీ నానమ్మతోనే. "నోరులేని జీవికి ఒట్టి గడ్డేనా" అంటూ ఇడ్లీ ముక్కో బిస్కెట్టో పట్టుకొస్తారు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ విషమంటే ఒప్పుకున్నారు గానీ, ఇడ్లీ దగ్గర మాత్రం తగ్గట్లేదు. పిండి ఎక్కువైతే దాని పేగుల్లో పులిసి గ్యాస్ పడుతుంది, పైగా కుందేలుకి వాంతి చేసుకోవడం చేతకాదు. మొన్న అది వంగి తన మెత్తటి పెంటికల్ని తానే తింటుంటే "రామ రామ" అని లేచిపోయారు. అది రోగం కాదమ్మా, వాటిలోనే దానికి కావాల్సిన బి విటమిన్లు ఉంటాయి.

సెలవుల్లో నువ్వు చూసుకునేటప్పుడు పొద్దున్నే ట్రే చూడు. పెంటికలు గుండ్రంగా, పొడిగా, గడ్డి పీచుతో ఉండాలి. చిన్నవైపోయినా, అసలు పడకపోయినా, పది పన్నెండు గంటలు ఏమీ ముట్టకపోయినా రేపు చూద్దాం అనుకోవద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. పేగులు ఆగిపోతే ప్రాణానికే ముప్పు. ఎండలు మొదలయ్యాయి కాబట్టి నీళ్లు వెడల్పు గిన్నెలో పెట్టు, ఆకులు తడితోనే వెయ్యి.

శనివారం వచ్చేటప్పుడు విజయవాడలో తిమోతి రెండు ప్యాకెట్లు తీసుకురా. పచ్చగా ఉండి, కమ్మటి గడ్డి వాసన రావాలి. దుమ్ము రాలుతుంటే కొనకు. డబ్బులు నాన్న ఫోన్‌పే చేస్తారు.

అమ్మ