పాపకు, తాడిపత్రి నుంచి

పాపా,

మొన్న గుత్తిలో పెళ్లికి పోతే మీ చిన్నత్త చెప్పింది, ఆఫీసులో ఆ బహుమతి నీకు కాకుండా వేరేవాళ్లకు ఇచ్చారని, నువ్వు ఉద్యోగం మానేస్తానంటున్నావని. నేను నమ్మలేదు. చాన్నాళ్లుగా నీ ఫోన్ లేదు కాబట్టి రాస్తున్నా, అంతే. ఇక్కడ ఎండలు ముదిరాయి, బోరులో నీళ్లు తగ్గాయి, జేజి మోకాళ్లు అలాగే ఉన్నాయి.

ఆదివారం టీవీలో మాయాబజార్ వేశారు. మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి తీసిన సినిమా అని జేజి మంచం హాల్లోకి వేయించుకుని మరీ చూసింది. అందరూ ఘటోత్కచుడు వేసిన రంగారావు గురించే చెబుతారు. ఆయన గొప్పే, కాదనను, కానీ శశిరేఖగా సావిత్రి చేసింది ఇంకెవరూ చేయలేరు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు చూడు, అక్కడ ఉన్నది శశిరేఖ కాదు, శశిరేఖలా నటిస్తున్న రంగారావు. 'అహ నా పెళ్లంట' పాటలో సుశీలమ్మ గొంతుకు మురిసిపోయే పెళ్లికూతురు, ఘంటసాల గొంతు రాగానే రాక్షసుడు. చీర అదే, జడ అదే, ముఖం అదే. మారేదల్లా నడక, భుజాలు, చూపు. పెళ్లిపీటల దగ్గర రేలంగిని హడలగొడుతుంటే జేజి ఆ నొప్పుల్లోనూ పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, "ఇంత చేస్తే ఈమెకు ఏమిచ్చారే?" అని అడిగింది.

ఏమిచ్చారని చెప్పను? సినిమా వచ్చింది 1957లో. అప్పటికి జాతీయ అవార్డులు సినిమాలకే, నటులకు ఇవ్వడం 1967 సినిమాల నుంచి మొదలైంది. 1968లో రామారావుకు, నాగేశ్వరరావుకు పద్మశ్రీ వచ్చింది, సావిత్రికి రాలేదు, రంగారావుకూ రాలేదు. 1981లో ఆమె పోయింది. ఆమె పాత్ర వేసినందుకు కీర్తి సురేష్‌కు జాతీయ అవార్డు వచ్చింది, మహానటి సినిమాకు. ఆ పిల్ల బాగా చేసింది, ఇవ్వాల్సిందే. అయినా నా కడుపు మండుతుంది పాపా.

అందుకే అవార్డులదేముందిలే అని నీకు చెప్పను. రాత్రుళ్లు కూర్చుని చేసింది నువ్వు, పేరు ఇంకొకరికి పోతే బాధ ఉంటుంది. పోయి అడుగు, గట్టిగా అడుగు, కాగితం మీద రాసి ఇవ్వు. కోపంలో రాజీనామా మాత్రం వద్దు. ఇంకోచోట ఆర్డరు చేతికొచ్చాకే ఇది వదలాలి, అద్దె ఆగదు, కరెంటు బిల్లు ఆగదు, మీ మామ సంగతి చూశావు కదా, ఆ రోజు ఎవరు చెప్పినా విన్నాడా? నాయన ఉన్నాడంటావు, ఉన్నాడు, అది వేరే మాట. సరే, ఇక చెప్పను.

ఒకవేళ రాజీనామా ఇచ్చేసి ఉంటే అదైనా చెప్పు. నేను తిట్టను, నాయనకు నేనే చెబుతా.

జొన్నపిండి, చెనక్కాయల పొడి, నెయ్యి బస్సులో వేస్తున్నాం, పొద్దున్నే వెళ్లి తీసుకో. పొడి డబ్బాలో తడి స్పూన్ పెట్టకు. నువ్వు చిక్కిపోయావని కూడా చిన్నత్త చెప్పింది, రాత్రిపూట అన్నం మానేస్తున్నావా ఏంది? నెయ్యి వేసుకుని తిను.

అమ్మ