ఒంటి ఆవు ఉన్న ఇళ్ల కోసం ఈ ఏడాది మన సంఘం చేసిన పని: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనంతా దాదాపు ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. రోడ్డుకు దూరంగా, ఒకే ఒక్క పాడి ఆవు ఉన్న ఇంట్లో ఆ ఆవు సమయానికి చూడి కట్టేదెలా (గర్భం నిలిచేదెలా)? మంద ఉన్నవాళ్లకు ఒకటి తప్పితే ఇంకొకటి పాలిస్తుంది. మనకు అలా కాదు, ఒక ఎద (ఆవు దాటుకు సిద్ధమయ్యే సమయం) చేజారితే మళ్లీ 21 రోజులు ఆగాలి, అలా వరసగా పోతే ఈతకీ ఈతకీ మధ్య దూరం పెరిగి ఇంట్లో పాలు లేని నెలలు పెరుగుతాయి, వట్టిపోయిన ఆవుకైనా మేత వేయక తప్పదు కదా.

సభ్యుల కష్టాలన్నీ విన్నాక మాకు తేలింది ఏమిటంటే, ఆవులో లోపం ఉన్న ఇళ్లు తక్కువ, కబురు ఆలస్యంగా వెళ్లిన ఇళ్లే ఎక్కువ. ఎద నిలిచేది మామూలుగా 12 నుంచి 18 గంటలు, కొన్ని ఆవుల్లో అంతకన్నా తక్కువ. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలని అందరికీ తెలుసు. కానీ ఎద చూశాక ఫోన్ చేసి, సిగ్నల్ లేక మళ్లీ చేసి, సూది వేసే ఆయన వేరే ఊళ్లో ఉండి, దారి బాగోలేక, చివరికి వచ్చేసరికి ఆవు ఎద చల్లబడిపోతుంది. ఈ టెన్షన్ పడని ఇల్లు మనలో లేదు.

అందుకే ఈ ఏడాది ముందుగా తేదీల పుస్తకం మొదలుపెట్టాం. ఎద కనిపించిన ప్రతి తేదీ, సూది వేయించినా వేయించకపోయినా, రాసిపెట్టాలి. ఎద చక్రం 18 నుంచి 24 రోజుల మధ్య తిరుగుతుంది కాబట్టి 17వ రోజునే సూది వేసేవారికి "మా ఆవు ఈ వారంలో ఎదకు రావచ్చు" అని చెప్పి ఉంచాలి. ఎద వచ్చాక పిలవడం కాదు, రాకముందే చెప్పడం. ఇది పాటించిన ఇళ్లలో మనిషి సమయానికి అందాడు. పుస్తకం ఇంకా తీసుకోని సభ్యులు దయచేసి తీసుకోండి, మేం చేసిన పనులన్నిటిలో ఇదే పెద్దది అని నా గట్టి నమ్మకం.

ఒంటి ఆవుతో ఇంకో చిక్కు ఉంది. ఎదలో ఉన్న ఆవును పట్టిచ్చే అసలైన గుర్తు, వేరే ఆవు మీదికి ఎక్కితే కదలకుండా నిలబడటం. పక్కన ఇంకో ఆవే లేకపోతే ఆ గుర్తు ఎక్కడ కనిపిస్తుంది? కాబట్టి మిగతావి చూడాలి: ఉన్నట్టుండి అరవడం, పాలు తగ్గడం, మేత సరిగా తినకపోవడం, మానం ఉబ్బడం, మానం నుంచి గాజులా తేటగా జిగురు తీగలు వేలాడటం. తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు కాసేపు ఆవు దగ్గర ఊరికే నిలబడి చూడాలి, పాలు పితుకుతూ చూసింది చాలదు. తోక దగ్గర కొంచెం రక్తం కనిపిస్తే భయపడకండి. అది ఎద అయిపోయి రెండు మూడు రోజులైందని చెప్పే గుర్తు, చూడి కట్టిందనీ కాదు, కట్టలేదనీ కాదు. ఆ తేదీ రాసుకుని మరో 18, 19 రోజులకు సిద్ధంగా ఉండండి.

ఎద బొత్తిగా తెలియని ఆవులకు పశువైద్యులను అడిగి మందులతో ఎదను ఒక తేదీకి తెప్పించే పద్ధతి ఈ ఏడాది వాడాం. దగ్గరదగ్గరగా ఉన్న కమతాల ఆవులను ఒకే రోజుకు కలిపితే డాక్టరు ఒక్కసారి వచ్చి పని ముగించుకుని వెళ్లొచ్చు, మనలాంటివాళ్లకు ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు. ఇందులో వాడే, ఎద తెప్పించే ప్రోస్టాగ్లాండిన్ మందు సూది చూడి ఆవుకు పడితే గర్భం పోతుంది, అందుకే ముందు పరీక్ష చేయించకుండా ఎవరూ వేయించకూడదు. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ మందును ముట్టుకోకూడదు.

వీర్యం నిల్వ ఉంచడానికి ఉమ్మడిగా ఒక ద్రవ నత్రజని క్యాన్ పెట్టుకుందామన్న ప్రతిపాదన మీద చాలా చర్చ జరిగింది. వీర్యం మైనస్ 196 డిగ్రీల చలిలో ఉండాలి, నత్రజని రోజూ కొంత ఆవిరవుతూనే ఉంటుంది, మట్టం చూసి నింపే మనిషి ఒక్కసారి మర్చిపోతే లోపల ఉన్నదంతా పాడవుతుంది, పైకి మాత్రం తేడా కనపడదు. స్ట్రాను (వీర్యం ఉండే సన్నని గొట్టాన్ని) 35 నుంచి 37 డిగ్రీల నీళ్లలో కనీసం అర నిమిషం ఉంచి వెంటనే వాడాలి. బాధ్యత తీసుకునే మనుషులు దొరికి, సూది వేయడంలో శిక్షణ పూర్తయ్యాకే కొందామని నిర్ణయించాం. తొందరపడకపోవడమే సరైనదని నా అభిప్రాయం.

ఆంబోతును పెంచి ఇంటింటికీ తిప్పుదామన్న మాట కూడా వచ్చింది. ఎద పట్టడంలో దాన్ని మించింది లేదు, ఆ మాట నిజమే. కానీ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ట్రైకోమోనియాసిస్, క్యాంపిలోబాక్టీరియోసిస్ లాంటి, దాటుతో అంటుకునే జబ్బులు మోసేది కూడా అదే, పైగా పాడి జాతి ఆంబోతు ఎంత సాధువుగా పెరిగినా నమ్మి దగ్గరికి వెళ్లడానికి లేదు, పిల్లలు తిరిగే ఇళ్లలో అసలే వద్దు. పరీక్షలు చేయించిన ఆంబోతు దగ్గరికి ఆవును తోలుకెళ్లి దాటించుకునేవాళ్లకు అభ్యంతరం లేదు. తొలిచూలు పెయ్యలకు మాత్రం చిన్న దూడలు పుట్టే ఆంబోతునో, అలాంటి వీర్యాన్నో ఎంచుకోండి. పెయ్య కూడా పెద్ద ఆవు బరువులో 60 శాతం దాటాకే. దూరాన ఈనలేక కష్టపడే పెయ్యకు సాయం అందడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు.

సూది వేయించాక మళ్లీ ఎదకు రాలేదని చూడి అనుకోవద్దు, మూగ ఎద (గుర్తులు బయటికి కనిపించని ఎద) కూడా అంతే నిశ్శబ్దంగా ఉంటుంది. రెండు మూడు నెలల లోపు చేత్తో పరీక్ష చేయించాలి, స్కానింగ్ దొరికితే 30 రోజులకే తెలుస్తుంది. చూడి ఖాయమైతే సూది వేసిన తేదీ నుంచి సుమారు 280 రోజులు లెక్కేసి, ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం ఆపేయాలి. ఈనిన తర్వాత కూడా 60 రోజులైనా గడిచి, ఆవు కాస్త ఒళ్లు చేశాకే మళ్లీ సూది.

వచ్చే ఏడాది మొదటి ఉమ్మడి ఎద కార్యక్రమానికి పేర్లు తీసుకుంటున్నాం. పేరుతో పాటు ఆవు చివరిసారి ఈనిన తేదీ, ఆఖరి ఎద తేదీ, మీ ఇంటికి బండి ఎంతవరకు వస్తుందో రాసి మీ వైపు కార్యవర్గ సభ్యుడికి ఇవ్వండి.