లింక్ వర్కర్ పోస్టును భర్తీ చేయండి: మా ప్రాంత ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డు అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు,

ఇంగ్లండ్‌లోని మా చిన్న పట్టణంలో జీపీ సర్జరీకి, అంటే కుటుంబ వైద్యుల క్లినిక్‌కు, లింక్ వర్కర్ లేరు. మందులతో తీరని కష్టాలను విని, తగిన స్థానిక సాయానికి దారి చూపే ఉద్యోగే లింక్ వర్కర్. ఆ పోస్టు గురించి సర్జరీకీ, మా ప్రాంత ఆరోగ్య సేవలను చూసుకునే మీ బోర్డు కార్యాలయానికీ ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు అడుగుతున్నాను.

2019 జనవరి నాటి దీర్ఘకాలిక ప్రణాళికలో ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) వెయ్యి మందికి పైగా లింక్ వర్కర్లను నియమిస్తామని మాట ఇచ్చింది. ఒంటరితనం, అప్పులు, ఇంటి చిక్కులు మాత్రలతో తీరవని గుర్తించే ఆ మాట ఇచ్చింది. తీరికగా విని, నడక బృందానికో సలహా కేంద్రానికో దారి చూపే మనిషి కావాలి.

అమ్మ పోయాక నాన్నగారు గుంటూరు నుంచి నా దగ్గరికి వచ్చారు. ఆయనకు తెలుగు తప్ప మరో భాష రాదు. నిద్ర పట్టడం లేదంటే మాత్రలు రాశారు. డాక్టరు గారిని తప్పుపట్టను, కొద్ది నిమిషాల్లో ఆమె మాత్రం ఏం చేయగలరు? కానీ భార్య పోయిన దిగులును కూతురి చేత అనువాదం చేయించి ఏ తండ్రి చెప్పుకోగలరు? నా ముఖం చూసి "బాగానే ఉన్నాను" అంటారు. ఇంట్లోవాళ్లను దుబాసీలుగా వాడవద్దని ఎన్‌హెచ్‌ఎస్ మార్గదర్శకాలే సూచిస్తున్నాయి.

పోస్టును ఎప్పటిలోగా భర్తీ చేస్తారో తేదీతో ప్రకటించండి. అప్పటిదాకా పొరుగు సర్జరీ లింక్ వర్కర్‌ను వారానికి ఒక పూటైనా పంపండి. ఆ సమావేశాలకు తెలుగు దుబాసీని ఏర్పాటు చేయండి. ఈ మూడింటికీ లిఖితపూర్వకంగా బదులివ్వాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
మీ ప్రాంత నివాసి