ఉచిత ట్రయల్‌లోనే జేబుకు చిల్లు

సంపాదకులకు,

‘నెల రోజులు ఉచితం’ అంటూ ఆడియో పుస్తకాల యాప్‌లు ఇస్తున్న ఆఫర్ల గురించి ఈ ఉత్తరం. గడువు దాటాక చందా కోసేస్తారన్న సంగతి ఈపాటికి చాలామందికి తెలుసు. ఆ ఉచిత నెలలోనే అవుతున్న ఖర్చు గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడటం లేదు.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. చూపు మందగించి పుస్తకం చదవలేకపోతున్నారని మనవడు ఆయన ఫోన్‌లో ఇలాంటి యాప్ ఒకటి పెట్టి వెళ్లాడు. పొద్దున్నే విజయనగరం కోట చుట్టూ నడక, చెవిలో నవల. మంచిదే. ఆ ఫోన్ నేనూ చూశాను. పుస్తకం బొమ్మ కింద అసలు ధర కొట్టేసి, పక్కన ‘సభ్యుల ధర’ అని సగం కంటే తక్కువ వేశారు. ట్రయల్‌లో ఉన్నవాళ్లకూ అదే ధరట. పైన ఎర్రక్షరాల్లో ‘ఇంకా నాలుగు రోజులే’. మళ్లీ ఈ ధరకు రావేమోనని మాస్టారు కొంటూ పోయారు. ఫోన్‌లోని యాప్ స్టోర్ ఖాతాలో కొడుకు వేసి ఉంచిన డబ్బు ఉంది, పిన్ అడిగే సెట్టింగ్ లేదు, వేలు తగిలితే చాలు. ఇప్పటిదాకా మొత్తం ఎంతయిందో తెరమీద ఎక్కడా కనిపించదు. సందు చివర కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలోనైనా అడుగున కూడిక ఉంటుంది! సగానికి సగం పుస్తకాలు ఆయన తెరవనే లేదు. వెనక్కి తీసుకోమంటే కుదరదన్నారు. కొడుక్కి ఎలా చెప్పాలా అని పాపం ఆయనకు ఒకటే టెన్షన్.

పుస్తకాలకు డబ్బు పెట్టడం దుబారా అని నేననను. రాసినవారికీ, చదివి వినిపించే గొంతుకూ ముట్టాల్సింది ముట్టాలి. 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయం ‘కథానిలయం’ వెలిసిన ప్రాంతం మనది, ఆ మాత్రం ఎరుగుదుం.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరులో ‘డార్క్ ప్యాటర్న్స్’ పేరుతో, యాప్‌లూ వెబ్‌సైట్లూ కొనేవాళ్లపై వేసే 13 రకాల టక్కులను నిషేధించింది. చందా ఉచ్చు అందులో ఒకటి, లేని తొందర పుట్టించడం ఇంకొకటి. కానీ గడువు నిజంగానే నాలుగు రోజులైతే అది లేని తొందర కాదని కంపెనీ తప్పించుకోగలదు. ఆటోపేలో, అంటే ఖాతాలోంచి డబ్బు దానంతటదే పోయే ఏర్పాటులో, చందా కోసే ముందు 24 గంటల నోటీసు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన కూడా ట్రయల్‌లో విడివిడిగా కొన్న పుస్తకాలకు వర్తించదు. ఆ నోటీసు సైతం ఇంగ్లిషులో వచ్చి లోను ఆఫర్ల మెసేజీల మధ్య పడి ఉంటుంది.

ట్రయల్ నడుస్తున్నన్నాళ్లూ ప్రతి కొనుగోలుకూ పిన్ అడగాలి. కొనే బటన్ పక్కనే అప్పటిదాకా అయిన మొత్తం చూపాలి. అసలు తెరవని పుస్తకాన్ని గడువులోగా వెనక్కి తీసుకోవాలి. నోటీసులు తెలుగులో రావాలి. వీటిలో ఏదీ కంపెనీలకు చేతకాని పని కాదు, అడిగేవాళ్లు లేక చేయడం లేదు.

డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం. ఆ రోజు సభల్లో తూనికలు, గ్యాస్ సిలిండర్ల గురించి ఎలాగూ చెబుతారు. ఈసారి మన జిల్లాలో ఒక అరగంట ఫోన్‌లో ఆటోపే ఎక్కడ ఉంటుందో, ఎలా రద్దు చేయాలో, 1915 హెల్ప్‌లైన్‌కు తెలుగులో ఫిర్యాదు ఎలా చెప్పాలో చేసి చూపించాలని అధికారులను కోరుతున్నాను. పెన్షనర్ల సంఘాలను పిలిస్తే హాలు నిండుతుంది.

– ఒక పాఠకురాలు, విజయనగరం